మేక్ పెట్టాలా, మీసన్ పెట్టాలా?

కర్నూలు, కడప ఇంజనీరింగ్ పిల్లలు నన్ను అడిగే ప్రశ్నల్లో ఈమధ్య పదేపదే వచ్చేది ఇది: "అన్నా, మా ప్రాజెక్టు ఓపెన్ సోర్స్‌గా పెడుతున్నాం. బిల్డ్‌కు ఏది వాడమంటావు? మేక్ పాతకాలందంట, సీమేక్ కష్టమంట, మీసన్ బాగుంటుందంట." అడిగినందుకే నాకు సంతోషం. ప్రోగ్రాం రాయడానికి నెలలు పెట్టేవాళ్లు కూడా, దాన్ని ఇంకొకరి మెషీన్ మీద నిలబెట్టే పనిని ఆఖరి రాత్రికి వదిలేస్తుంటారు.

సోర్స్ కోడును నడిచే ప్రోగ్రాంగా మార్చడం, ఏ ఫైలు మారిందో గమనించి దానికి సంబంధించినవాటిని మాత్రమే మళ్లీ కంపైల్ చేయడం బిల్డ్ టూల్ పని. బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్ రాసింది ఇందుకే. యాక్ అనే పార్సర్ టూల్ రాసిన స్టీవ్ జాన్సన్ ఒకరోజు ఉదయమంతా ఒక తప్పు కోసం వెతికాడు. తీరా చూస్తే ఆ తప్పు ఎప్పుడో సరిచేశాడు, సరిచేసిన ఫైలే మళ్లీ కంపైల్ కాలేదు. ఆయన తిట్టుకుంటూ గదిలోకి వచ్చాకే ఫెల్డ్‌మన్‌కు ఈ ఆలోచన తట్టింది. మేక్‌కు 2003లో ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు దక్కింది.

మేక్‌ఫైలులో రూల్ అంటే మామూలుగా రెండు పంక్తులు. మొదటిదాంట్లో ఏం తయారు కావాలో రాసి, కోలన్ పెట్టి, అది వేటి మీద ఆధారపడుతుందో రాస్తాం. రెండోదాంట్లో ట్యాబ్ నొక్కి ఆదేశం రాస్తాం. ట్యాబ్ బదులు ఎనిమిది స్పేసులు పడితే కంటికి తేడా తెలీదు. మేక్ మాత్రం "మిస్సింగ్ సెపరేటర్" అని మొరాయిస్తుంది. పీడీఎఫ్ నోట్సులోంచి కాపీ చేసుకున్న పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. ఈ ఇబ్బంది ఫెల్డ్‌మన్‌కు మొదట్లోనే తెలిసింది. అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, అందులో స్నేహితులే ఎక్కువ. వాళ్ల ఫైళ్లు చెడగొట్టడం ఇష్టంలేక అలాగే వదిలేశానని తర్వాత ఆయనే చెప్పాడు. డజను మంది దగ్గర పడిన ఆ మొహమాటాన్ని లోకమంతా అర్ధ శతాబ్దంగా మోస్తోంది. బిల్డ్ విషయంలో మొదటి వారం చేసిన నిర్ణయం ఎంతకాలం వెంటాడుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి ఈ టూల్ ఎవరి కోసమని ముందు తేల్చుకోవాలి. ప్రాజెక్టు మొదలుపెట్టినవాడికి ఏదైనా నడుస్తుంది, అన్నీ వాడి మెషీన్‌లో ముందే ఉంటాయి. అసలు పరీక్ష ముక్కూమొహం తెలియని కొత్తవాడికి. మన దగ్గర ఆ కొత్తవాడు ఎవరు? ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. పల్లె బడుల్లో పదో తరగతి ముగించిన పిల్లలు నేరుగా అందులో చేరి, చాలామంది అక్కడే తొలిసారి లాప్‌టాప్ ముట్టుకున్నారు. సెలవులకు ఇంటికెళ్తే వాళ్లకు దిక్కు ఫోన్ హాట్‌స్పాటే. రోజుకు ఒకటిన్నర జీబీ, అందులోనే ఇంట్లోవాళ్ల వీడియోలు కూడా. గ్రేడిల్ అనే బిల్డ్ టూల్ పెట్టిన ప్రాజెక్టును తొలిసారి బిల్డ్ చేస్తే, ముందు గ్రేడిల్ తనను తాను దింపుకోవడానికే వంద ఎంబీ దాటుతుంది, లైబ్రరీలు ఆ తర్వాత. గూగుల్ 2015లో బయటపెట్టిన బేజెల్ వేల మంది ఒకే కోడు మీద పనిచేసేచోట అద్భుతం. 4 జీబీ ర్యామ్ మెషీన్‌లో దాని జావా సర్వర్ లేస్తే మాత్రం బ్రౌజర్ మూసుకోవాల్సిందే.

మా సీమలో జొన్న విత్తే గొర్రు విరిగితే ఊళ్లో వడ్రంగే సరిచేస్తాడు. బిల్డ్ టూల్ కూడా చెడినప్పుడు దగ్గరున్నవాడు విప్పి చూసి బాగుచేసుకునేలా ఉండాలి. నా మొదటి కొలత ఇదే, వేగం ఆ తర్వాత.

తెలుగు ఫాంట్ల సంగతే చూడండి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన రామభద్ర, మండలి, గిడుగు, ధూర్జటి, పెద్దన వంటి ఫాంట్లు ఈరోజు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటుకు కూడా బిల్డ్ ఉంటుంది. గీసిన అక్షరాల రూపాలు, ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో చెప్పే నియమాలు కలిపి ఒక టీటీఎఫ్ ఫైలు చేయాలి. ఆ పని ఫాంట్‌మేక్ చేస్తుంది. కొత్త ప్రాజెక్టులకు గూగుల్ ఫాంట్స్ ఇచ్చే నమూనాలో దాని పైన ఉండేది ఓ చిన్న మేక్‌ఫైలు. "మేక్ బిల్డ్" అని కొడితే చాలు. క్ష ఒత్తు పక్కకు జరిగిందని గమనించిన తెలుగు మేష్టారు, కంప్యూటర్ తెలిసిన శిష్యుడి సాయంతో సరిచేసి పంపగలిగేది బిల్డ్ అంత తేలికైనప్పుడే.

ఒకసారి పెట్టినదాన్ని మార్చడమూ తేలిక కాదు. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్లు ఆటోటూల్స్ అనే పాత బిల్డ్ టూళ్లను వదిలించుకోవాలని ముందు స్కాన్స్ అనే ఇంకో టూల్‌తో కుస్తీ పట్టి, చివరికి 2006లో సీమేక్‌కు చేరారు. మన ఫోన్లలో, బ్రౌజర్లలో తెలుగు అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్‌లో ఒక దశలో ఆటోటూల్స్, సీమేక్, మీసన్ మూడూ పక్కపక్కనే ఉండేవి. కొత్త ఫైలు చేరిస్తే మూడుచోట్లా రాయాలి. ఒకచోట మరిచిపోతే అది వాడేవాడికే తెలుస్తుంది. ఇప్పుడక్కడ మీసన్‌దే పెద్దరికం. అంత పెద్ద ప్రాజెక్టుకే భారమైనది, నలుగురు విద్యార్థులు నడిపేదానికి తగదు. ఒక్కటే పెట్టండి.

ఇంకో భయమూ ఉంది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి ఉందని 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని తవ్వుకుంటూ పోయి పట్టుకున్నాడు. దొంగ కోడును టెస్టు ఫైళ్ల ముసుగులో దాచారు. దాన్ని మేల్కొలిపే ఎం4 స్క్రిప్టు, అందరూ చూసే గిట్‌లో కాకుండా విడుదల చేసిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. ఆటోటూల్స్ పుట్టించే కాన్ఫిగర్ స్క్రిప్టు వేల పంక్తులు పోతుంది, కూర్చుని చదివేవాడు ఎవడు? ఎవరూ చదవని చోటే దొంగ మకాం పెట్టాడు. మీసన్ భాషను కావాలనే పరిమితంగా ఉంచారు, బిల్డ్ ఫైలు చదివితే అర్థం కావాలని. అది నాకు నచ్చిన గుణం.

ఇక సూటిగా చెబుతాను. నాలుగు సీ ఫైళ్ల ప్రాజెక్టుకు మేక్ చాలు, పాతదని సిగ్గుపడకండి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడవాల్సిన సీ ప్లస్ ప్లస్ అయితే సీమేక్. దాని భాష చిరాకే, కానీ సందేహానికి జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. లినక్స్ లైబ్రరీల మధ్య బతికేదైతే మీసన్. 2017లో లినక్స్ బూట్ అయ్యేటప్పుడు సేవలను లేపే సిస్టమ్‌డీ అంతటిదే అటు మారింది. పైథాన్‌కు పైప్రాజెక్ట్ టోమల్, రస్ట్‌కు కార్గో. భాషే దారి చూపిస్తున్నప్పుడు వేరే దారి తొక్కొద్దు.

ఏది ఎంచుకున్నా, విడుదలకు ముందు ఒక పని చేయండి. మీ ప్రాజెక్టు ఎన్నడూ చూడని జూనియర్‌ను పిలిచి, రీడ్‌మీ ఒక్కటే చేతికిచ్చి, అతని లాప్‌టాప్‌లోనే బిల్డ్ చేయమనండి. పక్కన కూర్చోండి, నోరు మెదపొద్దు. కావాల్సినవి ఒకసారి దింపుకున్నాక నెట్ కట్టేసి మళ్లీ చేయించండి. అతను ఎక్కడ ఆగి మీవైపు చూస్తాడో, మీరు సరిచేయాల్సింది అక్కడే.