ప్రహేలికలలో గూఢత, అస్పష్టత

కంప్యూటరు తెరపై ఆడు సాహసక్రీడలలో 'పాయింట్ అండ్ క్లిక్' అనునది యొక శాఖ. క్రీడాకారుడు మౌసుతో తెరమీది వస్తువులను నొక్కుచు, వానిని సేకరించి, ఒకదానిపై నొకటి ప్రయోగించి, చిక్కులను విప్పుచు కథను నడపును. పెద్ద సంస్థల యండ లేకుండ, కొద్దిమంది కలిసి ఇట్టి క్రీడలను నేటికిని నిర్మించుచున్నారు. ఆడినవారి నుండి వారికి తరచుగా చేరు ఆక్షేపణ 'చిక్కు స్పష్టముగా లేదు' అనునది. ఈ ఒక్క మాటలో రెండు వేర్వేరు భావము లిమిడి యున్నవనియు, వానిని విడదీయనిచో నిర్మాత దిద్దవలసినదానిని విడిచి దిద్దరానిదానిని దిద్దుననియు మేము తలంచుచున్నాము.

గూఢత ప్రహేలికకు ప్రాణము. దండి కావ్యాదర్శమున పూర్వాచార్యులు చెప్పిన 16 ప్రహేలికలను వివరించెను. వారు వేరుగా పేర్కొనిన 14 దుష్టప్రహేలికల జోలికి మాత్రము పోలేదు. దోషములు లెక్కకు మిక్కిలి యని వానిని విడిచెను. అర్థము దాగియుండుటయే దోషమైనచో ఈ విభాగమునకే తావు లేదు. మన పొడుపుకథలను చూడుడు. విడుపు తెలిసినప్పుడు 'అయ్యో, ఇంతేనా!' అనిపించినచో అది గూఢము. 'ఇది ఎవనికి తట్టును?' అనిపించినచో అస్పష్టము. మొదటి సందర్భమున విప్పువాడు తన్ను నిందించుకొనును, రెండవదానియందు కర్తను నిందించును.

ఇందుకు ప్రసిద్ధోదాహరణము రాన్ గిల్బర్ట్ సారథ్యమున 1991లో వెలువడిన 'మంకీ ఐలండ్ 2' లోనిది. ఒక జలపాతమును ఆపుటకు పంపును త్రిప్పవలెను. త్రిప్పు పనిముట్టు మరేదియు గాదు, మెట్రోనోము ఊపునకు మైమరచి బిగుసుకొనిన కోతి! అమెరికాలో ఆ పనిముట్టును 'మంకీ రెంచ్' అందురు. చిక్కంతయు ఆ పేరుపై నిలిచినది. బ్రిటనులో దానిని స్పానరనుటయే పరిపాటి. మన పనివారు పానా యందురు. పానా యన్నంతనే కోతి మాయమగును. ఆలంకారికుల మాటలో ఇది పర్యాయపదమును సహింపని శబ్దశ్లేష. ఆ నుడి యెరుగనివాడు ఎంత బుద్ధిమంతుడైనను ఇచట నిలిచిపోక తప్పదు. ఇట్టివాని ఆక్షేపణ అసమర్థుని మొర గాదు.

గిల్బర్ట్, గేరీ విన్నిక్ కలిసి 2017లో వెలువరించిన 'థింబుల్‌వీడ్ పార్క్' ఈ రెండు భావములకును వేర్వేరు ఉపాయములు చూపినది. కాఠిన్యము వలదనువారికి చిక్కులు తగ్గించిన పద్ధతి యొకటి మొదటినుండియు గలదు. విడుదలానంతరము కథలోని టెలిఫోను ద్వారా సూచన లడుగు ఏర్పాటు చేర్చిరి. విడుపు ఒక్కమారుగా గాక మెట్లుమెట్లుగా తెలియును. ఇది వ్యాఖ్యాత మూలము ప్రక్కనే కూర్చుండుట వంటిది. అయినను వ్యాఖ్య మూలదోషమును కప్పునే గాని పోగొట్టదు.

చెకు నిర్మాతలైన అమానిటా డిజైన్ వారి 'మెషినేరియం' (2009) మాటలు లేకయే నడచును గనుక శ్లేషదోష మచట పొసగదు. కాని రోబో చేతికందిన వస్తువులే స్పందించును. దూరమున నున్నది పనికివచ్చునో రాదో తెలియక క్రీడాకారుడు అడుగడుగున తెరనంతయు తడిమి చూడవలసి వచ్చును. ఇది మా దృష్టిలో ప్రహేలిక గాదు, ఉత్త వెదకులాట.

కావున నిర్మాత 'ఎచట ఆగితివి?' అని మాత్రమే యడుగుట చాలదు. విడుపు చూచిన పిదప ఏమనుకొంటివని యడుగవలెను. అంతకుముందు ఏయే వస్తువులను వృథాగా ప్రయోగించెనో కనిపెట్టవలెను. (విడుపు ముందే యెరిగినవాని సాక్ష్య మిచట పనికిరాదు.) ఆ తప్పు ప్రయత్నములలో తర్కము గోచరించి, కర్త దానికి ఒక్క మాటయు బదులీయనిచో, మార్చవలసినది విడుపు గాదు, ఆ మౌనము.