వోల్టులా, ఆంపియర్లా?

కరెంటు గురించి కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మనిషిని చంపేది వోల్టులా, ఆంపియర్లా? ఆంపియర్లే అని ఒక్క ముక్కలో చెప్పి పంపేసేవాళ్లు చాలామంది. అది తప్పేమీ కాదు గానీ, అంతటితో సరిపెట్టుకున్నవాడు కారు బ్యాటరీని చూసి హడలిపోవాలి. ఇంజను స్టార్టయ్యేటప్పుడు అది వందకు పైగా ఆంపియర్లు ఇస్తుంది మరి. అయినా పొడి చేతులతో దాని రెండు టెర్మినళ్లూ ముట్టుకుంటే ఏమీ కాదు. ఒంటి నిరోధం 20 వేల ఓమ్‌లు అనుకుంటే, 12 వోల్టులు అందులోంచి పంపగలిగేది 0.6 మిల్లీ ఆంపియరే. చేతులు తడిసి నిరోధం 2 వేల ఓమ్‌లకు పడిపోయినప్పుడు ఇంటి 230 వోల్టులు తగిలితే 115 మిల్లీ ఆంపియర్లు పారతాయి. గుండె లయ తప్పడానికి అది చాలు. అదే 12 వోల్టుల బ్యాటరీ టెర్మినళ్ల మీద స్పానరు అడ్డంగా పడితే మాత్రం నిప్పురవ్వలు లేచి ఇనుము కాలిపోతుంది, ఎందుకంటే స్పానరుకు నిరోధం దాదాపు లేదు. అడిగినవాడు వోల్టులనూ ఆంపియర్లనూ ఇద్దరు పోటీదారుల్లా ఊహించుకున్నాడు. నిరోధం అనే మూడోది అతని లెక్కలోనే లేదు. కొత్తవాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పే విద్య అంతా ఇక్కడే ఉంది: అడిగినవాడి ఊహ ఎక్కడ వంకరపోయిందో కనిపెట్టాలి, ఒక లెక్కతోనో ప్రయోగంతోనో అతని చేతే దాన్ని సరిచేయించాలి.

ఈ విద్యకు పాత వంశమే ఉంది. జేన్ మార్సెట్ అనే ఆవిడ 1806లో లండన్‌లో, రసాయనశాస్త్రం మీద సంభాషణల రూపంలో ఒక పుస్తకాన్ని పేరు వేసుకోకుండా ప్రచురించింది. ఇద్దరు అమ్మాయిలు అడుగుతుంటారు, ఒక పంతులమ్మ జవాబులు చెబుతుంటుంది. వాళ్లలో కెరొలైన్ అనే పిల్ల తొందరపడి ఏదో ఒకటి అనేస్తూ ఉంటుంది. పుస్తకానికి ప్రాణం ఆ పిల్లే. పాఠకుడు మనసులో అనుకుని, పైకి అడగడానికి సిగ్గుపడే మాటలన్నీ ఆమె అనేస్తుంది. బుక్‌బైండింగ్ షాపులో అప్రెంటిసుగా ఉన్న ఓ పేద కుర్రాడు ఈ పుస్తకం చదివాడు. పేరు మైకేల్ ఫారడే. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టి జగత్ప్రసిద్ధుడయ్యాక కూడా, తన తొలి గురువు మార్సెట్టేనని చెప్పుకున్నాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాలను ఆయనే 19 సార్లు ఇచ్చాడు. పిల్లలకూ కొత్తవాళ్లకూ చెప్పడం చిన్న పని అనుకునేవాళ్లకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. తెలుగులో ఈ పనిని భుజాన వేసుకున్నవారిలో మహీధర నళినీమోహన్ ముఖ్యులు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో శాస్త్రవేత్తగా ఉంటూనే ‘పిడుగు దేవర కథ’, ‘టెలిగ్రాఫు కథ’ వంటివి రాశారు. పేర్లలోనే కథ ఉండటం ఊరికే కాదు.

ఇంకో ప్రశ్న చూడండి. తీగలో ఎలక్ట్రాన్లు నత్తనడక నడుస్తాయంటారు, మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? నత్తనడక అన్నది కూడా ఎక్కువే. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో ఒక ఆంపియరు పారుతుంటే ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటర్లు జరుగుతాయి. మీటరు దూరం పోవడానికి దాదాపు 4 గంటలు. ఇక్కడ అనుభవమున్నవాళ్లు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు: రామగుండం విద్యుత్ కేంద్రంలో బయల్దేరిన ఎలక్ట్రాను అసలు మీ ఇంటికి రావాలని ఎవరన్నారు? దారిలో ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి. మామూలు ట్రాన్స్‌ఫార్మరులో ఒక చుట్టకూ రెండో చుట్టకూ తీగ కలిసే ఉండదు, ఎలక్ట్రాను దాటే దారే లేదు. పైగా మన సరఫరా సెకనుకు 50 ఆవృత్తుల ఏసీ కాబట్టి ఎలక్ట్రాన్లు ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతాయి. మీ బల్బులో ఊగేవి తీగ కొన్ననాటి నుంచీ అందులో ఉన్నవే. తీగ వెంట వేగంగా వచ్చేది విద్యుత్ క్షేత్రం, దానితోపాటు శక్తి. ఈ వరసలో చెబితే విన్నవాడికి గుర్తుంటుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర తన ఊహ తానే ఓడిపోవడం చూశాడు.

పండితులకు ఇక్కడొక అభ్యంతరం. సులువుగా చెప్పబోయి అబద్ధాలు చెబుతున్నారు, నీళ్ల ట్యాంకు పోలికతో మొదలయ్యే తప్పులు ఇంజనీరింగ్ దాకా వెంటపడతాయి అంటారు. ఇందులో నిజముంది. ట్యాంకు ఎత్తు వోల్టేజీ, పైపు ఇరుకు నిరోధం, పారే నీరు కరెంటు అనేంతవరకు పోలిక బాగానే పనిచేస్తుంది. కానీ పైపు తెగితే నీళ్లు బయటికి కారతాయి, తీగ తెగితే కరెంటు ఆగిపోతుంది. పోలిక చెప్పి ఊరుకునేవాడు తప్పు చేస్తున్నాడు. అది ఎక్కడ తెగుతుందో కూడా అదే ఊపిరిలో చెప్పేవాడు మాత్రం కొత్తవాడికి సర్క్యూట్ మూసుకుని ఉండాలన్న సంగతిని ఉచితంగా నేర్పేశాడు.

దీనికన్నా బరువైన అభ్యంతరం ప్రమాదం గురించి. అరకొర జ్ఞానంతో బోర్డు విప్పితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి చెప్పకపోవడమే మంచిదంటారు. చెప్పకపోతే ఎవరూ బోర్డు విప్పరని నమ్మేవాళ్లు మన ఇళ్లు చూసి ఉండరు. టెస్టరునే తీసుకోండి. ఫేజును తాకి, వెనకాల వేలు పెట్టినా షాక్ ఎందుకు కొట్టదు? లోపల నియాన్ బల్బుతోపాటు సుమారు 10 లక్షల ఓమ్‌ల నిరోధం వరుసగా ఉంటుంది. 230ని దానితో భాగించండి: 0.23 మిల్లీ ఆంపియరు, ఒంటికి తెలియనంత. ఆ నిరోధమే మనిషిని కాపాడుతోందని తెలిసినవాడు, లోపల తడి చేరిన టెస్టరును చేత్తో ముట్టుకోడు. ఇంకొకటి కూడా అర్థమవుతుంది: టెస్టరు వెలగలేదంటే కరెంటు లేదనే కాదు, బల్బే పోయి ఉండొచ్చు. అందుకే పనితెలిసినవాళ్లు ముందు కరెంటున్న సాకెట్లో టెస్టరును పరీక్షించి, ఆ తర్వాతే దాని మాట నమ్ముతారు. న్యూట్రల్ తెగి ఉంటే లైటు వెలగకపోయినా ఫేజు అక్కడే కాచుకుని ఉంటుంది. ఇవన్నీ దాచిపెట్టడం వల్ల బతికినవాడెవడూ లేడు.

పుస్తకాల్లో అన్నీ ఉన్నాయి, మళ్లీ మళ్లీ చెప్పడం దేనికని కొందరు విసుక్కుంటారు. పుస్తకానికి అడిగేవాడెవరో తెలియదు. కెపాసిటరు పెడితే లాభమా అన్న ప్రశ్నను వ్యవసాయ మోటారున్న రైతు అడగొచ్చు, పట్నంలో అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లూ అడగొచ్చు. రైతుకు జవాబు: పెట్టండి. మోటారు తీసుకునే కరెంటు మారదు గానీ, కెపాసిటరు నుంచి ట్రాన్స్‌ఫార్మరు దాకా తీగల్లో పారేది తగ్గుతుంది. అది ఐదో వంతు తగ్గితే తీగల్లో వేడిగా పోయే శక్తి మూడో వంతుకు పైగా తగ్గుతుంది. లైను చివర వోల్టేజీ కాస్త నిలబడుతుంది. వోల్టేజీ పడిపోయినప్పుడు అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు పీల్చుకుని కాలిపోయే మోటార్లకు ఇది మేలు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు కనుక అక్కడి రైతుకు బిల్లుతో పనిలేదు, మోటారు వైండింగ్ ఖర్చుతోనే పని. అపార్ట్‌మెంటువాళ్ల సంగతి వేరు. వాళ్లకు బిల్లు వచ్చేది కిలోవాట్ అవర్ లెక్కన, అంటే నిజంగా ఖర్చయిన శక్తికి. కెపాసిటరు తగ్గించే కరెంటు ఆ లెక్కలోకే రాదు. సాకెట్లో పెడితే బిల్లు సగమవుతుందంటూ ‘పవర్ సేవర్’ పేరుతో అమ్మే పెట్టెల్లో ఉండేది సాధారణంగా ఒక చిన్న కెపాసిటరూ, ఒక ఎల్‌ఈడీ లైటూను. అవి కొనకండి.