వినడమే పనిగా కూర్చున్న మనిషి

క్వేకర్ల సభలో ఓట్లుండవు, చేతులెత్తమని అడగడమూ ఉండదు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధలతో మొదలైన ఈ క్రైస్తవ సమాజంలో, మందిరం మరమ్మతు మొదలుకొని యుద్ధం దాకా ఏ సంగతైనా అందరూ కూర్చుని, కాసేపు మౌనంగా ఉండి, మాట్లాడి, మళ్లీ మౌనంలోకి వెళ్లి తేల్చుకుంటారు. సభను నడిపే వ్యక్తి పేరు క్లర్క్. ఆ మాట వింటే మనకు ఆఫీసు గుమాస్తా గుర్తొస్తాడు. ఆ పోలిక పెద్ద తప్పేం కాదు. సభ మనసులో ఉన్నది కాగితం మీద పెట్టడమే ఇక్కడా పని.

రాయాలంటే ముందు వినాలి. ఒకరు చెప్పి కూర్చోగానే ఇంకొకరు లేవరు. చెప్పింది ఇంకడానికి కాస్త వ్యవధినిస్తారు. క్లర్క్ తన అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. ఆ విషయంలో తనకే గట్టి పట్టుంటే, అంతవరకు ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వడం మర్యాద. మాటలు వేడెక్కినప్పుడు ఎవరినీ మందలించరు, కొంచెంసేపు మౌనంగా ఉందామంటారు. నాకు చాలా నచ్చిన జోక్యం ఇది. ఎవరి పరువూ పోదు, ఎవరి మాటా తెగదు.

అసలు నేర్పు తీర్మానం దగ్గర కనిపిస్తుంది. చర్చ ఒక కొలిక్కి వస్తోందనిపించగానే క్లర్క్ అక్కడికక్కడే నాలుగు వాక్యాలు రాసి చదువుతారు. మనం అనుకున్నది ఇదేనా? కాదంటే మార్చి మళ్లీ చదువుతారు. తొందరపడి రాస్తే గట్టి గొంతుల మాటే సభ మాటైపోతుంది. మరీ ఆగితే అలసిపోయినవాళ్లు ఏదో ఒకటి కానిమ్మంటారు. ఆ అదను ఏ నియమావళీ నేర్పలేదు. ముఖాలు చూడాలి, ఇంకా నోరు విప్పనివాళ్లు ఎవరో గుర్తుంచుకోవాలి.

ఈ ఓపికకు ఒక చేదు చరిత్ర కూడా ఉంది. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు, మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడం తప్పని రాసి సంతకాలు పెట్టారు. ఇది మాకు మించిన బరువంటూ చిన్న సభ దాన్ని పెద్ద సభకు, అది ఇంకా పెద్ద సభకు పంపింది. అక్కడ ఆగిపోయింది. సభ్యులెవరూ బానిసలను ఉంచుకోరాదని ఫిలడెల్ఫియా వార్షిక సభ తేల్చింది 1776లో. ఎనభై ఎనిమిదేళ్లు! అంతకాలమూ ఆ ఆలస్యాన్ని మోసినవాళ్లకు ఆ సభలో చోటే లేదు. మౌనాన్ని గౌరవించే పద్ధతిలో నాకు మింగుడుపడని సంగతి ఇదే.

మధ్యలో జాన్ వుల్‌మన్ వచ్చారు. న్యూజెర్సీకి చెందిన దర్జీ. బానిసలున్న క్వేకర్ల ఇళ్లకు తానే వెళ్లి, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా మాట్లాడేవారు. 1758 వార్షిక సభలో ఈ సంగతి మళ్లీ వచ్చింది, వాయిదా వేద్దామన్న ధోరణీ వచ్చింది. చాలాసేపు మౌనంగా ఉన్న వుల్‌మన్ అప్పుడు లేచి, కొందరి స్వప్రయోజనం చూసుకుని ఇంకా జాప్యం చేయడమే తప్పన్నారు. బానిసలున్న సభ్యుల ఇళ్లకు వెళ్లి మాట్లాడడానికి సభ ఆ ఏడాది కొందరిని నియమించింది. వాళ్లలో ఆయనా ఒకరు.