ఊరి రేడియోలో ఊళ్ళో లేని గొంతు

అమెరికా అనగానే ఆకాశాన్నంటే మేడలే మనకు కళ్ళముందు కదులుతాయి. కానీ ఆ దేశంలోనూ మన చిన్న బస్తీల్లాంటి ఊళ్ళు వేలకొద్దీ ఉన్నాయి. మనం మీడియం వేవ్ అనే దాన్ని వాళ్ళు ఏ.ఎం. అంటారు. ఆ ఏ.ఎం. మీద పాటలకంటే మాటలే ఎక్కువగా వినిపించే చిన్న స్టేషన్లు ఆ ఊళ్ళకు పెట్టింది పేరు.

వాటిల్లో 'స్వాప్ షాప్' అని ఓ కార్యక్రమం ఉంటుంది. శ్రోతలు ఫోన్ చేసి, పాత కుట్టుమిషను అమ్ముతామనీ, చంటిదానికి ఉయ్యాల కావాలనీ చెప్పుకుంటారు. తప్పిపోయిన కుక్కపిల్లల సంగతి, ఊళ్ళో పోయినవారి పేర్లు కూడా ఇలాంటి స్టేషన్లలోనే వినిపిస్తాయి. పండితులు వింటే పెదవి విరుస్తారు. నిజమే, చాలాభాగం చప్పగానే ఉంటుంది. అయితే మన నూతిగట్టు కబుర్లలో మాత్రం సాహిత్యం ఏపాటి ఉండేదండీ? ఎవరింట్లో పొయ్యి వెలగలేదో తెలిసేది మాత్రం అక్కడే కదా!

1987లో అక్కడి ప్రభుత్వ ప్రసార సంఘం, వివాదాల్లో రెండో పక్షానికీ చోటివ్వాలన్న నిబంధనను ఎత్తేసింది. మరుసటి ఏడాదే రష్ లింబా రాజకీయ ప్రసంగాలు దేశమంతటా మోగడం మొదలైంది. 2021లో ఆయన పోయేదాకా ఆ గొంతు ఆగలేదు. గొప్ప మాటకారి, ఒప్పుకోవలసిందే. రోజుకు మూడు గంటలు జనాన్ని కట్టిపడేయడం సామాన్యం కాదు. కానీ ఆ మూడు గంటల్లో మీ వీధి చివర వంతెన కూలిందన్న కబురు ఉండదు. 1996 చట్టంతో ఒకే సంస్థ దేశమంతా ఎన్ని స్టేషన్లయినా కొనుక్కునే వీలు కలిగింది. ఊళ్ళో మనిషికి జీతమివ్వడం కంటే దూరపు గొంతు తెప్పించుకోవడమే చవక మరి!

ఆ చవక ఎంత ప్రియమో నార్త్ డకోటాలోని మైనాట్ చెబుతుంది. 2002 జనవరి 18న, అర్ధరాత్రి దాటాక అక్కడ రైలు పట్టాలు తప్పి, అమోనియా ఊరిమీదికి కమ్ముకుంది. చుట్టుపక్కల ఇళ్ళలో కరెంటు పోయింది. ఊళ్ళోని ఆరు వాణిజ్య స్టేషన్లూ ఒకే సంస్థవి. ప్రమాద హెచ్చరికలకు నియమించిన ఏ.ఎం. స్టేషనుకు పోలీసులు ఫోన్ చేస్తే పలికే నాథుడు లేకపోయాడు. లోపం పోలీసుల హెచ్చరిక ఏర్పాట్లలోనే ఉందని సంస్థ వాదించింది. తప్పెవరిదైనా ఆ రాత్రి ఒక మనిషి చనిపోయాడు. వందలమంది గాలి అందక అల్లాడారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఊరి రేడియోకి పాండిత్యం, వాగ్ధాటి లేకపోయినా సరిపెట్టుకోవచ్చు. శ్రోత పీల్చే గాలినే పీల్చే మనిషి ఒకరు మైకు ముందు ఉండితీరాలి. అలాంటి మనిషి ఉన్నచోట, కుట్టుమిషను బేరమైనా సరే, విసుక్కోకుండా వినవచ్చు.