రమ్మన్న మాటలోని మన్నన

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పలుకుబడిని మొదటిసారి విన్న కోస్తావారిలో పలువురు, అచ్చటి జనులకు మన్నన తెలియదనియు, కన్నతండ్రినైనను 'వచ్చిండు' అని యేకవచనముతోనే పేర్కొందురనియు, తల్లిని 'నువ్వు' అనియే సంబోధింతురనియు తలచి, ఆ తలంపునే తీర్పుగా చేసికొని వెడలిపోవుట కద్దు. 1956లో రెండు ప్రాంతము లొక రాష్ట్రమైన పిమ్మట బడులలోనికిని కచేరీలలోనికిని పొరుగుసీమల నుండి వచ్చినవారి నోట ఈ తీర్పు మరింత బలపడినది. 'గారు' అను మాట యెక్కడ వినబడునో అక్కడనే మర్యాద యున్నదని నమ్మువారికి, ఆ మాట పెండ్లిపత్రికలకును అర్జీలకును పరిమితమైన సీమ మోటుగా దోచుట సహజమే. కాని వెదుకవలసిన చోట వెదుకక లేదనుట న్యాయము కాదు. ఈ సీమవారి మన్నన సంబోధనలో కొంత మాత్రమే కలదు. అందలి నేర్పంతయు ఒకరి మాటను మరియొకరికి చేర్చు విధానమునందు దాగియున్నది.

మొదట సంబోధన సంగతి చూతము. వేములవాడ రాజరాజేశ్వరుడు ఇచ్చటివారికి రాజన్న. కొండగట్టు ఆంజనేయుడు అంజన్న. ధర్మపురి నరసింహుడు నర్సన్న. దేవుళ్లందరును అన్నలే, అందరును ఏకవచనులే. 'రాజన్న సల్లంగ సూస్తడు' అను ముదుసలి ఆ దైవమును తక్కువచేసి పలుకుచున్నదని యెవ్వడును అనజాలడు. ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమున స్వామిని 'నీవు' అనియే పిలిచెను గదా! ఇది యేమో పల్లెవాసుల చనువని కొట్టివేయుటకును వీలులేదు. 2016 అక్టోబరు 11న కరీంనగరము నుండి వేరుపడిన క్రొత్తజిల్లాకు ప్రభుత్వమువారే 'రాజన్న సిరిసిల్ల' యని నామకరణము చేసి, ఆ 'అన్న'ను రాజపత్రమున కెక్కించిరి.

మన్ననకు బంధుత్వమే యిచ్చట మొదటి కొలత. బాపు, అవ్వ, పెద్దబాపు, చిన్నవ్వ, అత్త, మామ, బావ, వదినె: ఈ వరుసలు రక్తసంబంధమునకు మాత్రమే కట్టుబడి యుండక, కులములను దాటి ఊరంతటికిని అల్లుకొని యుండును. పేరులోనే గౌరవమును కుదుర్చుట మరియొక పద్ధతి. మల్లయ్య, మల్లన్న, మల్లి, మల్లిగాడు అను నాలుగును ఒక్క మనిషి పేరే కావచ్చును. పలుకువాని స్థానమును, పలుకబడువాని స్థానమును ఆ తుది యక్షరములే చెప్పివేయును. స్త్రీలకు లచ్చవ్వ, రాజవ్వ, లింగవ్వ యని 'అవ్వ' చేరును. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెకు చెందిన మిల్కూరి గంగవ్వ 'మై విలేజ్ షో' చిత్రముల ద్వారా దేశాంతరములందలి తెలుగువారికిని పరిచితురాలయినది. ఆమె పేరు పలికిన ప్రతివాడును, ఎరిగియో ఎరుగకయో, ఆమెను తల్లీ యని పిలిచినవాడే యగుచున్నాడు. ఇట్టి పేరునకు 'గారు' చేర్చినచో గౌరవము పెరుగదు సరికదా, ఏదియో దూరము వచ్చిపడును.

క్రియలో బహువచన మర్యాద లేకపోలేదు. 'వచ్చిండు' అను చోట 'వచ్చిన్రు', 'రా' అను చోట 'రాండ్రి', 'కూసో' అను చోట 'కూసోండ్రి' యని యుండును. సారు వచ్చిన్రు, పంతులు చెప్పిన్రు, వియ్యంకులు కూసున్నరు. అయితే స్త్రీల విషయమున ఈ ఉదారత కొరవడుట దాచదగిన సంగతి కాదు: అవ్వ యెంత పెద్దదైనను 'అన్నది' యనియే యందురు, పురుషునకు 'వాడు', 'ఆయన' అను మెట్లున్నట్లే స్త్రీకి 'అది', 'ఆమె' యున్నను, ఆ పైమెట్టున నిలిచినవారికి గూడ క్రియ అమహత్తుగానే మిగిలిపోవును. ఇది యీ సీమకే ప్రత్యేకమైన లోపమని కాదు, తెలుగు వ్యాకరణమే యట్లున్నది. బహువచనమును వాడి దానిని కప్పిపుచ్చు అలవాటు ఇచ్చట తక్కువ, అంతియే.

ఇక అసలు విషయము. ఒక బాలుని పిలిచి తండ్రి, 'పెద్దబాపును రమ్మని చెప్పిరాపో' యని పంపెననుకొందము. తండ్రి తానే యెదుట నున్నచో 'రాండ్రి' యనును. బాలుడు పోయి చెప్పు మాట: 'మా బాపు మిమ్ముల రమ్మన్నడు'. ఈ చిన్న వాక్యమున జరిగిన మార్పును నిదానించి చూడవలెను. 'రాండ్రి' యందలి మర్యాద 'రమ్మను' లోనికి వచ్చునప్పటికి రాలిపోయినది. ఏలయనగా 'రమ్ము' అనునది పూర్వపు ఏకవచన విధిరూపము, ఇప్పుడది యెవ్వరిని రమ్మన్నను మారదు. రాజును రమ్మన్నను రమ్మనుటయే, పాలేరును రమ్మన్నను రమ్మనుటయే. రాలిపోయిన యా మర్యాదను బాలుడు తన సొంత పూచీపై 'మిమ్ముల' అను పదమున తిరిగి నిలిపెను. 'నిన్ను రమ్మన్నడు' అని యుండినచో, పంపిన తండ్రి యెంత మర్యాదస్థుడైనను, మాట మొరటై పోయియుండును. కావున మన్నన పంపినవానిది కాదు, మోసినవానిది.

ఈ సంగతి కొరియా భాషను చూచినచో మరింత తేటపడును. మర్యాదా భేదములకు పేరుపడిన యా భాషలో వాక్యము ముగియు తీరును వైయాకరణులు సాధారణముగా ఆరు మెట్లుగా విభజింతురు. శ్రోత యెవ్వడన్న దానిని బట్టి క్రియాంతము మారును. ఇది గాక, ఎవ్వరిని గూర్చి మాటాడుచున్నామో వారు పెద్దలైనచో క్రియ నడుమ 'సి' అను అక్షరము చేరును. శ్రోతకు చూపు మర్యాద వేరు, కర్తకు చూపు మర్యాద వేరు. ఇప్పుడొకరి మాటను మరియొకరు అనువదించునప్పుడు, శ్రోతకు సంబంధించిన మెట్లన్నియు కూలి ఒక్క చదునైన రూపము మిగులును: చెప్పినదానికి 'దగో', అడిగినదానికి 'న్యగో', ఆజ్ఞకు 'రగో', కలిసి చేయుదమన్న పిలుపునకు 'జగో'. 'వాయో' యని మర్యాదగా పిలిచిన పిలుపు 'ఒరాగో' యగును. అనగా మన 'రాండ్రి' 'రమ్మను' అయినట్లే. కర్తకు చెందిన 'సి' మాత్రము లోపలి వాక్యమున చెక్కుచెదరక నిలుచును, మన 'సారు వస్తాన్రట' అను వాక్యమున 'రు' నిలిచినట్లే. ఒకదానితో నొకటికి చుట్టరికము లేని రెండు భాషలు, వేలమైళ్ల యెడమున నుండియు, శ్రోతృమర్యాదను పారవేసి కర్తృమర్యాదను దాచుకొనుట యెంత వింత! కాని కారణ మూహింపరానిది కాదు. శ్రోతకు చూపు గౌరవము ఆ క్షణమునకే, ఆ యెదురుపాటునకే చెందినది. మాట చేతులు మారగానే ఆ యెదురుపాటు ముగిసినది.

కొరియావారికి నాలుగు ప్రత్యయములుండగా, మనకు 'అని' యొక్కటియే అన్నిటిని ఈడ్చుకొని వచ్చుచున్నది: వస్తడని చెప్పిండు, వస్తవా అని అడిగిండు, రమ్మన్నడు, పోదామన్నడు. ఒక్కచోట వారి భాష మనకన్న సూక్ష్మము. 'ఇమ్మన్నడు' అనగా అడిగినవాడు తనకే యిమ్మన్నాడో, వేరొకరికి ఇమ్మన్నాడో మన క్రియ చెప్పదు. కొరియా క్రియ, తనకైనచో 'దల్లాగో' యనియు ఇతరునకైనచో 'జురాగో' యనియు వేరుపరచును. మరియొక్కచోట మన భాషయే చిత్రమైనది. 'తాను వచ్చెదనని రాముడు పలికెను' అను గ్రంథవాక్యమును చూడుడు: 'తాను' ప్రథమ పురుషము, 'వచ్చెదను' ఉత్తమ పురుషము, కర్త చెప్పువాని వైపు నిలిచియుండ, క్రియ రాముని నోటనే యుండిపోయినది. క్రియకు పురుషభేదము లేని కొరియాలో ఈ ముడి పడదు. పల్లెలలో ఈ 'తాను' అరుదు. 'నేనొస్త అన్నడు' అని మాటను మాటగానే దింపివేయుదురు. నాకిది లోపముగా తోచదు. ఎవ్వని మాట వాని నోటనే యుంచుట ఒక విధమైన నిజాయితీయే.

తండ్రిని గూర్చి 'అన్నడు' అని బాలుడు చెప్పుటలో మరియొక మర్మము గలదు. కొరియాలో పూర్వము, తాతగారి యెదుట తండ్రిని గూర్చి మాటాడునపుడు, తండ్రికి 'సి' చేర్చక తగ్గించి పలుకవలెనను కట్టుబాటుండెను, నేడది సడలినది. మన యూళ్లలో తండ్రి ఎల్లవేళల ఏకవచనుడే గనుక ఈ పోలిక సంపూర్ణము కాదు. అయినను, ఇంటిలో చనువైన ఏకవచనమే పెద్దమనుషుల యెదుట వినయమై వినబడుట గమనింపదగినది. తల్లి బిడ్డలతో 'మీ బాపు రమ్మంటాండు' అనునే గాని పెనిమిటి పేరు పలుకదు, తన వరుసతోనైనను పిలువదు. వినువారి వరుసను అరువు తెచ్చుకొని, భర్తను వారి తండ్రిగా చూపును. కొరియా ఇల్లాలును అట్లే 'ఫలానా పిల్లవాని తండ్రి' యని భర్తను పేర్కొనును.

చేర్చిన మాటకు ఎవ్వరు పూచీ యన్నదానిని ఈ సీమవారు క్రియతోనే తేల్చుదురు. 'వస్తనన్నడు' అన్నచో నేను స్వయముగ విన్నాను, అవసరమైనచో పంచాయితిలో చెప్పగలను. 'వస్తడట' అన్నచో విన్నమాటయే గాని కన్నమాట కాదు, తరువాత నన్నడుగవద్దు. 'వస్తననవట్టె' అన్నచో వాడు నా యెదుట ఆ మాటనే పట్టుకొని వదలక పలికెను, వారింప నా వల్ల కాలేదు. చావుకబురు మోసినవాడు గూడ తాను చూడనిచో 'పోయిండట' అనియే అనును. వినువారి గుండెలో ఒక్క చిటికెడు సందేహమును మిగుల్చుట గూడ దయయే గదా.

పెద్దమనుషుల పంచాయితిలో ఈ విద్య కత్తిమీది సాముగా మారును. ఒకడు మరియొకని 'ఏందిరా' యన్నాడని ఫిర్యాదు. ఆ మాటను ఉన్నదున్నట్లు చెప్పినచో, ఆ 'రా' యెదుట కూర్చున్న పెద్దల మీదకే పోయి తగులును. కాబట్టి సాక్షి ముందుగా, 'తప్పుగ అనుకోకుండ్రి, ఆయనన్న మాటే అంటున్న' అని వాకిలి వేసికొని, ఆపైననే మాటను విడుచును. అంతకన్న నెరజాణ యైనచో 'అనరాని మాట అన్నడు' అని యూరకుండును. విననివారే దానిని మరింత పెద్దగా ఊహించుకొందురు. ఎల్లమ్మ వంటి దేవతల కథలను పాడి చెప్పు ఒగ్గుకథకులకును ఈ నేర్పే ప్రాణము. సిరిసిల్ల ప్రాంతపు హన్మాజీపేట కవి సి. నారాయణరెడ్డిని కన్న యూరు. ఒగ్గుకథలో పేరుగాంచిన మిద్దె రాములు గూడ ఆ యూరివాడే. డోలు, తాళముల నడుమ ప్రధానకథకుడు ఎల్లమ్మ మాటను ఎల్లమ్మగా పలికి, మరుక్షణమే 'అన్నది' అని వంతవాని వైపు తిరిగి కథకుడగును. ఒక్క 'అన్నది' తోడనే పూనకము దిగి మనిషి మిగులును.

ఈ 'రమ్మన్న' వాక్యనిర్మాణమునకు ఒక చీకటి చరిత్రయు గలదు. దొరల గడీలనుండి వెడలిన పిలుపులను మోసిన సుంకరి, 'దొర రమ్మన్నరు' అని బహువచనముతో పలుకుచుండెను. పిలువబడినవాడు ముసలివాడైనను 'నిన్ను' అనియే పలుకుచుండెను. మర్యాద పైకి మాత్రమే ప్రవహించెడిది. 'బాంచన్ నీ కాల్మొక్త' అను మాట వినిపించిన యూళ్లవి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగినది. ఆ మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రభుత్వము ప్రకటించినది. కూలి, భూమి, వెట్టి అను ప్రశ్నలతో పాటు, ఎవ్వరు ఎవ్వరిని ఏమని పిలువవలెనను ప్రశ్నయు ఆ పోరాటములో నుండెను. 'రమ్మన్నరు' అను బహువచనము దొర నుండి జారి సంఘమువారిని, పిదప సారును చేరినది. మల్లిగాడు మల్లయ్య అయినాడు. వ్యాకరణ గ్రంథముల కెక్కని మార్పు లివి.

తరువాతి కాలమున జనులు మస్కటునకును దుబాయికిని వలసపోగా, అన్నదియు అడిగినదియు ఉత్తరముల కెక్కినవి. చదువురాని తల్లి చెప్పగా బడిపిల్లవాడు వ్రాయును. 'ఆడ పైలంగుండుమని రాయి' అని ఆమె యనును. పిల్లవాడు పుస్తకమున నేర్చిన శైలితో, 'వ్రాయునది యేమనగా, మీరచ్చట జాగ్రత్తగా ఉండగలరని అవ్వ చెప్పుచున్నది' అని దించును. కొడుకును 'నువ్వు' అను తల్లి ఉత్తరములో 'మీరు' అన్నట్లు కనబడి, మస్కటులోని కొడుకు ఉలికిపడి యుండవచ్చును. లేఖకుని చేతిలో మన్నన హెచ్చుటయు ప్రమాదమే. బొమ్మ కనబడు ఫోనులు వచ్చి ఈ మధ్యవర్తులను చాల వరకు ఇంటికి పంపివేసినవి.

సిరిసిల్ల సాంచాల, అనగా మరమగ్గముల, వద్ద మాత్రము మధ్యవర్తి యింకను పోలేదు. అచ్చట నూలిచ్చు సేటు వేరు, సాంచాలు గల ఆసామి వేరు, ఆ సాంచాలను నడుపు కార్మికుడు వేరు. కూలి పెంచుమని కార్మికుడు ఆసామి నడుగును. ఆసామి సేటు నడుగును. జవాబు అదే దారిన తిరిగివచ్చును. సేటు 'సూద్దం' అనెను. ఆసామి గుమాస్తా దానిని 'సూద్దమన్నడట' అని చేర్చును. 'చూతము' అన్న పిలుపులో ఇద్దరును కలిసి చూడవలెను గదా. ఈ 'సూద్దం'లో చూచువాడెవ్వడును లేడు. దానిపై 'అన్నడు', దానిపై 'అట' యని రెండు పొరలు కప్పబడి వచ్చిన మాటలో ఎంత బరువుండునో కార్మికునికి తెలియును. అతడు మగ్గము ఆపి, కండె చేతబట్టుకొని, గుమాస్తాతో ఇట్లనును: 'సేటును ఆ ముచ్చటేందో నాతోనే అనుమను.'