అభ్యాసకుని చెవి

వ్యాకరణ గ్రంథాన్ని సాహిత్య విమర్శకు విషయంగా స్వీకరించటం కొందరికి వింతగా తోచవచ్చును. ఎ. హెచ్. ఆర్డెన్ 1873లో వెలువరించిన తెలుగు వ్యాకరణాన్ని ఇటీవల నేను ఆద్యంతం మళ్లీ చదవవలసి వచ్చింది. ఈసారి చదివింది పాఠం చెప్పటానికి. భిలాయిలో మేముండే క్యాంప్ 2లో తెలుగు క్రైస్తవుల ప్రార్థనలకు ఒక యువ బోధకుడు వచ్చాడు. ఉత్తరాన జశ్‌పూర్ కొండలవైపు వాడు, ఉరాఁవ్ జాతివాడు. మతశిక్షణ ఇంకా పూర్తి కాలేదు. హిందీ బాగా వచ్చును, ఇంగ్లీషు కొంత వచ్చును, తెలుగు ఒక్క ముక్క రాదు. “మాస్టారూ, ఆరు నెలలలో వీరితో మాట్లాడగలగాలి” అని హిందీలో అడిగాడు. సరే అన్నాను. ఏ తెలుగు నేర్పాలి అన్న ప్రశ్న అప్పటికి నాకు తట్టనే లేదు.

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఊరు ఇది. ఆ పనులకు నలుమూలల నుంచి తరలివచ్చిన వారిలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారు చాలామంది ఉన్నారు. వారి మనుమలు వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతారు. గడప లోపలికి వచ్చిన తరువాత తాతల నాటి కళింగాంధ్ర పలుకుబడి వినిపిస్తుంది. మా విద్యార్థి మొదటి నెలలో తెలుగు బైబిలును కూడబలుక్కుని చదివి, ఆ ధోరణిలోనే ఒక ముసలమ్మను “అవ్వా, మీరు ఏమి చేయుచున్నారు?” అని పలకరించాడు. ఆమె చేట పక్కన పెట్టి, “ఏటి బాబూ, ఏటంతన్నావు?” అన్నది. ఇద్దరి మాటా తెలుగే. వాడు నా దగ్గరకు వచ్చి, తాను నేర్చినది తెలుగేనా అని అడిగాడు.

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే ఆర్డెన్‌ను అటక మీది నుంచి దించాను. ఆయన చర్చి మిషనరీ సొసైటీ పక్షాన మచిలీపట్నం ప్రాంతంలో పనిచేసినవాడు. తరువాత తమిళానికీ ఇటువంటి పుస్తకమే వ్రాశాడు. తెలుగు వ్యాకరణం మూడు భాగాలు: మొదటిది ప్రవేశిక, రెండవది వ్యావహారిక భాషకు వ్యాకరణం, మూడవది గ్రంథాలలో వాడే భాషకు వ్యాకరణం. విషయసూచికలోని ఈ వరుసను చూసి దాటిపోవటం సులభమే. కాని కాలాన్ని గుర్తు చేసుకుంటే ఇది సామాన్యమైన నిర్ణయం కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చి అప్పటికి పదిహేనేండ్లే అయింది. బడులలో, పరీక్షలలో దాని మాటే శాసనం. ఆ శాసనంలో మనుష్యులు మాట్లాడుకునే తెలుగుకు చోటు లేదు. ఆర్డెన్ దానికి చోటు ఇవ్వటమే కాక, ముందు పీట వేశాడు. పండితులతో వాదానికి దిగిన జాడ లేదు. నేర్చుకునేవాడు ముందు ఏది వింటాడో దానిని ముందు పెట్టాడు; అంతే.

దీనికి వెనుక ఒక అనుభవ పరంపర ఉన్నది. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ మచిలీపట్నం చేరారు. నోబుల్ బడికి అంకితమై 1843లో దానిని నెలకొల్పాడు. ఫాక్స్ సంతలలో, పల్లెలలో తిరిగి బోధించటానికి పూనుకున్నాడు. ఆరోగ్యం చెడి, ఇంగ్లండుకు తిరిగివెళ్లి, 1848లోనే కన్నుమూశాడు. సంతలో నిలబడినవానికి వ్యాకరణయుక్తమైన వాక్యం వలన ఒరిగేది తక్కువ. ఎదుటివాడు నవ్వినా, తల తిప్పుకుని వెళ్లిపోయినా పరీక్షాఫలం అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆర్డెన్ పుస్తకం వెనుక ఇటువంటి పరీక్షలు తప్పినవారి నిట్టూర్పులు నాకు వినిపిస్తాయి.

అయితే ఈ గ్రంథాన్ని మెచ్చుకుని ఊరుకోవటం న్యాయం కాదు. మొదటి లోపం అందరు విదేశీ వైయాకరణులదీ. 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, దె గ్రాంజ్ అనే ఇద్దరు యువకులకు ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు అనువాదంలో తోడు నిలిచాడు. క్రాన్ 1809లో, దె గ్రాంజ్ 1810లో చనిపోయారు. వారి తరువాత ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. ఆనందరాయర్ పేరైనా చరిత్రలో నిలిచింది. ఇటువంటి మున్షీలు ఎందరో పేరు లేకుండా పోయారు. అభ్యాసకుడు వినే తెలుగు చాలావరకు ఆ మున్షీ నోట వచ్చే తెలుగే. ఆర్డెన్ వ్యావహారికం అన్నది కూడ చదువుకున్నవారి వ్యావహారికమని నాకు తోస్తున్నది. క్యాంప్ 2 ముసలమ్మ అందులో లేదు.

రెండవ లోపం ఆయన ఒక్కనిది కాదు, ఆయన పనిచేసిన రంగానిది. బోధకులు వీధి కోసం ఒక తెలుగు నేర్చి, వేదిక ఎక్కిన తరువాత మరొక తెలుగులో ప్రసంగించారు. తెలుగునాట దీర్ఘకాలం వాడుకలో నిలిచిన బైబిలు అనువాదం గ్రాంథికచ్ఛాయ విడువలేదు. వినేవారికి ఆ భాషపై భక్తి ఏర్పడింది; దూరమూ ఏర్పడింది. అనువాదకునిగా ఈ మాట అంటున్నాను కనుక నా తప్పును కూడ ఒప్పుకోవాలి. హిందీ కథలలోని కూలివాని చేత నేనూ ఎన్నోసార్లు “వెళ్లుచున్నాను” అనిపించాను.

ఇక సర్వనామాల సంగతి. మనము, మేము అన్న భేదం ఏ తెలుగు వ్యాకరణమైనా చెబుతుంది. ఇంగ్లీషువానికి ఇది కొరకరాని కొయ్య; హిందీవానికి కూడ “హమ్” ఒక్కటే. బోధకునికి ఇది వ్యాకరణంతో ముగిసే విషయం కాదు. పాపాన్ని గురించి చెప్పేటప్పుడు “మీ పాపాలు” అంటే తాను గట్టున నిలిచినట్లు. “మా పాపాలు” అంటే వినేవారిని బయటికి నెట్టినట్లు. “మన” అంటేనే అందరితోపాటు తానూ నీటిలో దిగినట్లు. దేవుని ఎదుట మాత్రం ఆ “మన” పనికిరాదు. అక్కడ “మా” అనాలి, లేకపోతే దేవుని కూడ పాపులలో చేర్చినట్లవుతుంది. ఒక్క అక్షరంలో ఇంత బరువు పెట్టిన భాషను ఆరు నెలలలో నేర్వమంటే ఎట్లా?

ఈ పాఠానికి నేను వారం రోజులు కేటాయించాను. మా విద్యార్థి అయిదు నిమిషాలలో గ్రహించాడు. అతని తల్లిభాష కుఁడుఖ్. అందులో మనకు “నామ్”, మేముకు “ఏమ్”, నేనుకు “ఏన్”, నీవుకు “నీన్”. నన్నయ నాటి తెలుగులో ఏను, ఏము అన్న రూపాలుండేవని చెప్పి నల్లబల్లపై వ్రాసి చూపగా, వాడు చాలాసేపు ఆ రెండు మాటలవైపే చూస్తూ కూర్చున్నాడు. కుఁడుఖ్ ద్రావిడ కుటుంబానికి చెందినదన్న సంగతి పండితులకు కొత్త కాదు. 1900లో ఆ భాషకు వ్యాకరణం వ్రాసిన ఫెర్డినాండ్ హాన్ కూడ మిషనరీయే. హాన్ ఎవరి తాతల నోట విని వ్రాశాడో ఆ జాతి పిల్లవాడు ఇప్పుడు తెలుగువారి నోట విని వ్రాసుకుంటున్నాడు.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి పంతులు గుర్తుకు రాక మానరు. ఆయన మిషనరీ కాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవర తెలిసిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, వ్యాకరణమూ నిఘంటువూ లేని భాషను చెవితోనే నేర్చాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, కోశం 1938లో వచ్చాయి. తెలుగు నేర్చుకుంటున్న జె. ఎ. యేట్స్ అనే పాఠశాలల పరీక్షాధికారి, జనుల తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత అంతరమెందుకని అడిగినప్పుడు, ఆ ప్రశ్నలోని బలం గిడుగుకు వెంటనే అందటంలో ఆశ్చర్యం లేదు. సవర ఇళ్లలో తాను కూడ అభ్యాసకుడే. పండితులు ఆ ప్రశ్నను దొర తెలివితక్కువతనంగా భావించి ఉండవచ్చును. వ్యావహారిక భాషోద్యమ చరిత్ర వ్రాసేవారు గురజాడ, గిడుగుల సాహసాన్ని చెబుతారు, చెప్పవలసిందే. కాని పరభాష నేర్చుకునేవాని తికమకకు అందులో ఎంత పాలు ఉన్నదో ఇంకా సరిగా తూచలేదు. ఆర్డెన్ విషయసూచికను ఆ తూకంలో వేయాలని నా అభిప్రాయం.

మొన్న మా విద్యార్థి ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. ఆర్డెన్‌లో లేనివి, క్యాంప్ 2 ఇళ్లలో విన్నవి అందులో వరుసగా ఎక్కించాడు: గుంటడు, ఏటి, అంతన్నాడు, ఒత్తన్నాడు. ప్రతి మాట పక్కన ఖాళీ వదిలిపెట్టాడు. అక్కడ “సరియైన” రూపం నన్ను వ్రాసి ఇమ్మన్నాడు. కలం తీసుకుని, మొదటి పుటలో రెండు మాటలకు వ్రాసి, ఆగిపోయాను. ఆ ఖాళీలో మాట చెప్పినవారి ఊరి పేరు వ్రాసుకోమని పుస్తకం తిరిగి ఇచ్చాను.