జాజు, సున్నం, గుప్పెడు ముగ్గు

సైదాబాద్ మెయిన్ రోడ్డు వదిలి లోపలి గల్లీల్లోకి మళ్లితే, అపార్ట్‌మెంట్ల నడుమ ఇరుక్కుని ఇంకా కొన్ని పెంకుటిళ్లు కనిపిస్తాయి. రెండు గదులు, ఒక అరుగు, తల వంచి దాటాల్సిన దర్వాజ. పక్కనున్న దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలకు బదులు పొలాలు ఉన్న కాలపు కట్టడపు తీరు అది. అలాంటి ఇంట్లోకే నేను అద్దెకు దిగాను. చూడవచ్చిన వాళ్లంతా వాల్‌పేపర్ అంటించమన్నారు, ప్లాస్టిక్ పూలతీగలు వేలాడదీయమన్నారు. ఎదురింటి అవ్వ మాత్రం గోడను అరచేత్తో తట్టి చూసి, "రంగెయ్యకు బిడ్డా, ఇది సున్నం గోడ. సున్నమే అడుగుతది" అన్నది.

ఆమె మాటలో ఎంత శాస్త్రం ఉందో తర్వాత అర్థమైంది. పాత గోడలు మట్టితో, డంగు సున్నంతో లేచినవి. అవి నేలలోని చెమ్మను పీల్చి మెల్లగా గాలికి వదులుతుంటాయి. వాటి మీద ప్లాస్టిక్ ఎమల్షన్ పూస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోతుంది. ఒక్క వానాకాలం గడిచేసరికి రంగు పొక్కులు లేచి, పెచ్చులుగా ఊడుతుంది. సున్నం గోడకు ఊపిరాడనిస్తుంది. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. మిగిలిన సున్నాన్ని నీళ్లలో కలిపి గోడకు పూస్తే, గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. పూసిన పూట మసకగా ఉన్న గోడ రోజు రోజుకూ తెల్లబడేది అందుకే. మనం పూసేది రంగు కాదు, పలుచని రాతిపొర.

పని తెలిసి చేస్తే కష్టం లేదు. నీళ్లలో సున్నాన్ని కొంచెం కొంచెంగా వేయాలి. సున్నం మీద నీళ్లు కుమ్మరిస్తే సలసల కాగి చిమ్ముతుంది, కళ్లకు ప్రమాదం. ఆ వేడికి ప్లాస్టిక్ బకెట్ మెత్తబడుతుంది కాబట్టి ఇనుప డబ్బానే వాడాలి. రాత్రంతా నాననిచ్చి, పొద్దున పాత చీరగుడ్డలో వడగట్టి, తుమ్మబంక నానిన నీళ్లు, చిటికెడు నీలిమందు కలపాలి. ముందు గోడను తడపడం మరవకూడదు. నేను తొందరపడి మొదటిసారి చిక్కగా పూశాను. రెండు రోజులకే భుజానికి, వీపుకు తెల్లగా అంటింది. పాలంత పలుచగా కలిపి, ఆరనిచ్చి ఆరనిచ్చి మూడుసార్లు పూస్తేనే నిలిచింది.

సున్నం ఆరాక జాజు, అంటే ఎర్రమట్టి. తెలంగాణ ఇళ్లకు గోడ అడుగున జానెడు ఎత్తున ఎర్రటి పట్టీ ఉండటం చూసే ఉంటారు. చూరునీళ్లు నేలను కొట్టి చిందే బురద మరకలు ఎక్కువగా అక్కడే పడతాయి. తెల్లగోడ మీద అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, జాజు మీద కలిసిపోతాయి. అవసరంలోంచి పుట్టిన ఇంతటి అందం నాకు మరే అలంకారంలోనూ దొరకలేదు. జాజుకు ఆ ఎరుపు ఇనుము నుంచి వచ్చింది, అందుకే ఎండకు వెలిసిపోదు. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టల్లో ఆదిమానవులు రాళ్ల మీద గీసిన బొమ్మల ఎరుపూ ఇలాంటి మట్టిదే. అరుగుకూ జాజే పూసి, గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాక ఇంటికి ఒక ముఖం వచ్చింది.

ఇక మిగిలింది వాకిలి. పేడనీళ్లతో సాన్పి చల్లడానికి మా గల్లీలో మట్టి లేదు, సిమెంటే. పొద్దున్నే నీళ్లు చల్లి, తడి ఆరకముందే ముగ్గు వేస్తే పిండి నిలుస్తుందని అవ్వ నేర్పింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి, వేళ్లను రాపాడిస్తూ చేతిని మొత్తంగా కదపాలి. మణికట్టు ఒక్కటే తిప్పితే గీత వణుకుతుంది. చుక్కలకు ఒక లెక్కుంది. సందు చుక్క అంటే రెండు చుక్కల సందులో పైవరుస చుక్క. ఏడుతో మొదలుపెట్టి పైకీ కిందికీ నాలుగు వచ్చేదాకా పెడితే మొత్తం 37. ఎదురు చుక్కైతే, అంటే చుక్కకు ఎదురుగా చుక్క పెడితే, వరుసకు రెండు చొప్పున తగ్గుతూ ఒకటికి వస్తుంది, మొత్తం 25. చుక్కను తాకకుండా చుట్టూ తిరిగి, మొదలైన చోటికే గీత చేరితే మెలిక ముగ్గు. ఈ లెక్కే గణితజ్ఞులనూ పట్టుకుంది. గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ, కమలా కృతివాసన్ 1974లో తమిళనాట కోలం అనే ఇలాంటి ముగ్గుల మీద కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధనా పత్రమే రాశారు. బడి ముఖం చూడని మా అవ్వ ఆ లెక్కను వేళ్లతో చేస్తుంది.

ఇంటి లోపల నేను పెద్దగా చేసిందేమీ లేదు. గోడలోని గూళ్లలో దీపం, పుస్తకాలు. అమ్మ పాత చీరలు నాలుగు మడతలేసి కుట్టిన బొంత మంచం మీద. మదన్నపేట మార్కెట్ నుంచి తెచ్చిన కుండ ఒక మూల. అన్నింటికీ కలిపి అయిన ఖర్చు ఒక్క గది వాల్‌పేపర్‌కు చెప్పిన ధరలో చాలా కొద్ది. చౌక అన్న మాట ఒక్కటే చెబితే మాత్రం ఈ పనికి అన్యాయం చేసినట్టే. ఇందులో డబ్బుకు బదులు చేతులు పడతాయి, ఏటేటా పడతాయి. వాన కడిగిన జాజును పండగకు మళ్లీ పూయాలి. నిన్నటి ముగ్గును ఊడ్చి ఇవాళ మళ్లీ పెట్టాలి. ఆ మళ్లీ మళ్లీ చేయడంలోనే ఇంటితో నాకు చుట్టరికం కలిసింది.

ధనుర్మాసం వచ్చిందంటే అవ్వ తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుంది. పోయిన ఏడాది తన వాకిట్లో 15 చుక్కలు 8 దాకా పెట్టి ముగించి, చేతిలో పిండి మిగిలితే గల్లీ దాటి వచ్చింది. నేను తలుపు తీసేసరికి మా గడప ముందు ఏడు చుక్కల వరుస ఒకటి పెట్టి ఉంది. పైవరుస నాకు వదిలేసింది.